పెద్దదని ముదురూ కాదు, చిన్నదని లేతా కాదు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. నీళ్ళ వేడికీ, చేప పెరుగుదలకీ, దాని ఆయుష్షుకీ ఏమిటి సంబంధం అని. చెరువు రైతు ఒకలా అడిగారు, బోటు మీద వెళ్ళే తమ్ముడు ఒకలా అడిగాడు, పదో తరగతి చదివే అమ్మాయి ఇంకోలా అడిగింది. అందుకని రొయ్యల జబ్బుల గురించి వచ్చినవన్నీ వచ్చే నెలకి ఉంచి, ఈసారి జాగా అంతా వీటికే ఇస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు మాటలు. నేను పుట్టింది అంతర్వేది పల్లిపాలెంలో. మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నర్సాపురం వెళ్ళి అమ్మేది. ఆ తట్ట సంపాదనతోనే నేను చదువుకుని, ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పాను. అమ్మ తట్ట దించగానే చేపల్ని రెండు కుప్పలు వేసేది, లేతవి ఓ పక్క, ముదురువి ఓ పక్క. పొడుగు చూసేది కాదు. కన్ను చూసేది, పొలుసు గోటితో గీకేది, బొజ్జ బొటనవేలితో నొక్కేది. జానెడు చేప ముదురు కుప్పలోకీ, మూరెడు చేప లేత కుప్పలోకీ పోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ నెల జవాబులన్నీ ఆ రెండు కుప్పల దగ్గరే మొదలవుతాయి.

*

ప్రశ్న: మేడం గారూ, నాకు పన్నెండెకరాల పండుగప్ప చెరువు ఉందండి. సంక్రాంతి ముందు చలికి చేప మేత ముట్టదు. శివరాత్రి దాటితే ఆవురావురుమంటూ తింటుంది, కళ్ళముందే పెరుగుతుంది. మా అబ్బాయేమో ఫోనులో చూపించి, మంచు సముద్రాల్లో చేపలు వందా రెండొందల ఏళ్ళు బతుకుతాయి, చాలా పెద్దవి కూడా అవుతాయి అంటున్నాడు. మరి చలి చేపని పెంచుతుందా, ఎండగడుతుందా?
– ఓ రైతు, ఆకివీడు

జవాబు: మీరు చూసిందీ నిజమేనండి, మీ అబ్బాయి చూపించిందీ నిజమే. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయి.

మన ఒంట్లో పొయ్యి ఎండైనా వానైనా ఒకే మంట మీద ఉంటుంది, 37 డిగ్రీలు. చేపకి ఆ పొయ్యి నీళ్ళ చేతిలో ఉంటుంది. నీరు చల్లబడితే మంట తగ్గుతుంది, వేడెక్కితే ఎగస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఊపిరి, అరుగుదల, గుండె కొట్టుకోవడం అన్నీ సుమారు రెట్టింపు జోరందుకుంటాయి. 1999లో క్లార్క్, జాన్‌స్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ధ్రువాల నుంచి ఉష్ణమండలం దాకా రకరకాల చేపల ఊపిరి లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూశారు. 30 డిగ్రీల నీళ్ళలో మన వైపు చేప కదలకుండా ఊరికే ఉన్నా, సున్నా డిగ్రీల నీళ్ళలో ఉండే చేప కన్నా ఆరు రెట్లు ప్రాణవాయువు కావాలని తేలింది. ఏ పనీ చెయ్యకుండా బతికుండటానికే ఆరు రెట్లు! ఆ లెక్క మొదటిసారి చదివిన రోజు నాకు మే నెల ఎండలో తట్ట మోసుకొచ్చే అమ్మ గుర్తొచ్చింది.

గుడ్డు దగ్గరే ఈ తేడా మొదలవుతుంది. మీ పండుగప్ప గుడ్డు 28, 30 డిగ్రీల నీళ్ళలో పదహారు గంటలు అటూ ఇటూగా పిల్ల అవుతుంది. సాయంత్రం పెట్టిన గుడ్డు మర్నాటి మధ్యాహ్నం భోజనం వేళకి ఈదుతూ ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్‌లో కాడ్ అనే చేప ఉంది, అక్కడి వాళ్ళకి మన వంజరం ఎంతో అదీ అంతే. అయిదు డిగ్రీల నీళ్ళలో దాని గుడ్డు పిల్ల కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

చలికాలంలో మీ చేప మేత ముట్టకపోవడం ఇందుకే. దాని కడుపులో పొయ్యి సన్నగా మండుతోంది, వేసింది అరగదు. ఆ రోజుల్లో అలవాటు కొద్దీ మామూలు పాళ్ళలో మేత వేస్తే అది అడుగున కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. తెల్లవారి నీటి వేడి చూసుకుని మేత తగ్గించండి. థర్మామీటరు ఖరీదు ఒక్క మేత సంచి ముందు ఏపాటిది?

ఇక వేసవి. మంట పెరిగింది సరే, ఆ మంటకి గాలి కావాలి కదండీ. చిక్కంతా అక్కడే. వెచ్చటి నీళ్ళు ప్రాణవాయువుని తక్కువ పట్టి ఉంచుతాయి. లీటరు మంచినీళ్ళలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. అదే 30 డిగ్రీల సముద్రపు నీళ్ళయితే ఆరు పైచిలుకు. అవసరం పెరిగిన వేళకే సరఫరా తగ్గుతోందన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున డీఓ (నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు) పడిపోయి చేప తేలడం, మీరు పరుగెత్తి నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు వెయ్యడం, దాని వెనక ఉన్న కథ ఇదే.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. కోనసీమలో పుట్టినదాన్ని కాబట్టి కొబ్బరిచెట్టు లెక్కలో చెబుతాను. పొట్టి రకం గంగబొండం మూడు నాలుగేళ్ళకే గెల వేస్తుంది. దేశవాళీ పొడుగు చెట్టు ఆరేడేళ్ళు ఆగుతుంది. గెల వెయ్యడం మొదలయ్యాక చెట్టు సత్తువ కాయల్లోకి పోతుంది, మానులోకి పోయేది తగ్గుతుంది. ఎత్తూ ఆయుష్షూ రెండూ చివరికి ఆగి కాసిన చెట్టువే. చేపల్లోనూ అంతే. వెచ్చటి నీళ్ళలో పిల్ల చకచకా పెరుగుతుంది, తొందరగా ఈడుకొస్తుంది, జన (కడుపులో గుడ్లు) కడుతుంది. అక్కడి నుంచి తిన్నదంతా గుడ్లకీ, ఎగసే పొయ్యికీ పోతుంది. ఒంటి పెరుగుదల త్వరగా ఒక కప్పుకి తగిలి ఆగిపోతుంది. చల్లటి నీళ్ళలో నెమ్మదిగా పెరిగేదానికి ఆ కప్పు ఇంకా ఎత్తున ఉంటుంది.

కాడ్‌నే చూడండి. ఒకే జాతి. కొంచెం వెచ్చగా ఉండే ఉత్తర సముద్రంలో మూడు నాలుగేళ్ళకి ఈడుకొస్తుంది. ఇంకా పైన మంచు అంచున ఉన్న బారెంట్స్ సముద్రంలో ఆరేడేళ్ళు పడుతుంది, కానీ ఇరవై ఏళ్ళు దాటి బతికేవి అక్కడున్నాయి. మన కవ్వల చేప రెండేళ్ళ పైన బతికితే గొప్ప.

ఇది జాతి స్వభావమా, నీటి ప్రభావమా అని మీకు అనుమానం రావాలి, రావడం మంచిదే. 1960లలో లియు, వాల్‌ఫర్డ్ అని అమెరికాలో ఇద్దరు, వానాకాలపు గుంటల్లో పుట్టి ఏడాదిలో చచ్చిపోయే ఓ చిన్న చేపని తీసుకుని కొన్నిటిని చల్లటి తొట్లలో, కొన్నిటిని ఆరేడు డిగ్రీలు వెచ్చటి తొట్లలో పెంచారు. చల్లటి తొట్లలోవి ఎక్కువ కాలం బతికాయి, చివరికి పెద్దవీ అయ్యాయి.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం 2013లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చువేసింది. దాన్ని మీ ఆకివీడు భాషలోనే చెప్పొచ్చు. మీరు బొచ్చె, రాగండి పిల్లల్ని చిన్న చెరువులో ఇరుకుగా, అరాకొరా మేత మీద ఏడాది ఆపి, తర్వాత పెద్ద చెరువులోకి వదులుతారు కదా. వదలగానే ఆ ఏడాది పిల్ల కసి కొద్దీ పెరిగి, పోయిన పెరుగుదల అంతా రాబట్టుకుంటుంది. గ్లాస్గో వాళ్ళు ముళ్ళు ఉండే ఓ చిన్న చేప మీద ఇలాంటిదే చేశారు, మేతతో కాకుండా నీటి వేడితో. కొన్ని పిల్లల్ని కొద్ది వారాలు చల్లటి నీళ్ళలో ఉంచి మళ్ళీ మామూలు నీళ్ళలోకి మార్చారు. వెనకబడ్డ పిల్లలు గబగబా ఎగబాకి తోటివాటిని అందుకున్నాయి. ఇంకొన్నిటిని కొద్ది వారాలు వెచ్చటి నీళ్ళలో ఉంచి మార్చారు. ముందుకెళ్ళిన పిల్లలు తర్వాత నింపాదిగా పెరిగాయి. ఆ తర్వాత జీవితమంతా రెంటికీ ఒకే నీరు, ఒకే మేత. అయినా ఎగబాకిన చేపల ఆయుష్షు 14 శాతం పైన తగ్గింది, నింపాదిగా పెరిగిన వాటిది 30 శాతం పెరిగింది. అంటే పరుగెత్తి పెరగడానికే ఓ ఖరీదు ఉంది, దాన్ని చేప తర్వాత రోజుల్లో కడుతుంది.

మీకు దీనివల్ల నష్టమేమీ లేదండి. చేప ఆ బాకీ కట్టే లోపలే మీరు పట్టుబడి చేసేస్తారు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. చలి ఆయుష్షు పెంచుతుందని ఏ చేపనైనా చల్లటి నీళ్ళలో వేస్తే పెరగదు. పండుగప్ప పుట్టుకే వెచ్చటి నీళ్ళది. మరీ చల్లబడితే అది ముడుచుకుపోతుంది, జబ్బు పడుతుంది, ఇంకా దిగితే చస్తుంది. ప్రతి జాతికీ తన హద్దులున్నాయి. నేను చెప్పిందంతా ఆ హద్దుల మధ్య జరిగేదే.

*

ప్రశ్న: నమస్తే టీచర్. చెట్టుని కోస్తే వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతారు కదా. చేప వయసు ఎలా చెబుతారు? 400 ఏళ్ళ సొరచేప ఉందని చదివాను. దానికి పుట్టినరోజు ఎవరు రాసిపెట్టారు?
– పదో తరగతి విద్యార్థిని, అమలాపురం

జవాబు: బంగారు తల్లీ, చేప తన పుట్టినరోజు తలలోనే రాసుకుంటుంది. ఈసారి మీ ఇంట్లో గొరస చేప పులుసు పెట్టినప్పుడు తలకాయ నువ్వు అడిగి తీసుకో. మెదడు కింద రెండు పక్కలా రెండు తెల్లటి రాళ్ళు దొరుకుతాయి. అవి చెవిరాళ్ళు. చేప నిలకడగా ఈదడానికీ, చప్పుడు వినడానికీ అవే ఆధారం. గొరసలో చిక్కుడు గింజంత పెద్దవి ఉంటాయి. చేప బతికినన్నాళ్ళూ ఆ రాయి మీద సున్నం పొరలు పేరుకుంటూనే ఉంటాయి. వెచ్చటి రోజుల్లో మందంగా, చలి రోజుల్లో సన్నగా. 1899లో రైబిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ రాళ్ళతో వయసు కట్టొచ్చని చూపించాడు. అప్పటి నుంచి చల్లటి దేశాల వాళ్ళకి ఆ పని తేలికైపోయింది. వాళ్ళ దగ్గర ఎండాకాలానికీ చలికాలానికీ నీటి వేడిలో పది పన్నెండు డిగ్రీల తేడా ఉంటుంది, గీత స్పష్టంగా పడుతుంది.

మన సముద్రం అలా కాదు. జనవరి తెల్లవారుజామున నేను అంతర్వేది ఒడ్డున థర్మామీటరు ముంచితే 25, 26 చూపించేది. మే నెలలో 30. నాలుగైదు డిగ్రీల తేడాకి రాయి మీద గీత మసకగా పడుతుంది. పైగా గుడ్లు పెట్టినప్పుడు ఒక గీత, ఏటి వరద సముద్రంలో కలిసినప్పుడు ఇంకో గీత పడి లెక్క తప్పుతుంది.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇక్కడే దెబ్బ తిన్నాను. ఓ గొరస రాయిని అరగదీసి, మైక్రోస్కోపు కింద నాలుగు గీతలు చూసి, నాలుగేళ్ళ చేప అని రాశాను. సెలవులకి ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాను. అమ్మ తట్ట కడుగుతూ, "నాలుగేళ్ళేంటే? అది నిరుడు కాక మొన్నటి వానలకి పుట్టిన మంద. అప్పుడు వేలెడంత ఉండేవి. దీపావళికి బెత్తెడు అయ్యాయి. సంక్రాంతికి జానెడు. నేనే అమ్మాను కదా" అంది. మళ్ళీ కాలేజీకి వెళ్ళి ఏడాది పొడుగునా నెలనెలా ఒడ్డుకొచ్చిన గొరసల పొడుగు కొలిచి గుంపులు కట్టాను. వేలెడంత గుంపు ఏ నెలకి ఎంత జరిగిందో గీసి చూస్తే అమ్మ చెప్పిందే వచ్చింది. అమ్మ చేసిన పనికి శాస్త్రంలో పేరుంది, 1890లలో పీటర్సన్ అనే డేనిష్ ఆయన మొదలుపెట్టిన పద్ధతి అది. మన దేశంలో చేపల వయసు చాలావరకు అలాగే కట్టారు. తర్వాత 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చెవిరాయి మీద రోజుకొక గీత కూడా పడుతుందని కనిపెట్టాడు. దాంతో మన లేత చేపలకి రోజుల్లో వయసు చెప్పే వీలు వచ్చింది.

సొరచేప సంగతికి వద్దాం. దాని ఒంట్లో ఎముక లేదు, అంతా మృదులాస్థి. ఇలాంటి చెవిరాయి దానికి లేదు. నువ్వు చదివింది గ్రీన్‌లాండ్ సొర గురించి. సున్నాకి అటూ ఇటూ ఉండే నీళ్ళలో తిరుగుతుంది, ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగదు. కంటి కటకం మధ్య భాగం తల్లి కడుపులో తయారై, ఆ తర్వాత ఎప్పటికీ మారదు. 2016లో నీల్సన్ అనే డేనిష్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 28 ఆడ సొరల కళ్ళలో ఆ భాగం తీసి, అందులోని రేడియో కార్బన్‌ని, అంటే కాలం గడిచే కొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్‌ని కొలిచారు. అన్నిటిలోకీ పెద్దది అయిదు మీటర్ల సొర. దాని వయసు 392 ఏళ్ళని, లెక్కలో 120 ఏళ్ళు అటూ ఇటూ ఉండొచ్చని వచ్చింది. తక్కువలో తక్కువ వేసుకున్నా 272. అంటే కాటన్ దొర పుట్టకముందే అది పుట్టింది. ఆ తక్కువ లెక్కనే చూస్తే, ఆయన 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసేసరికి అది వందేళ్ళు దాటి కూడా ఇంకా ఈడుకి రాలేదు. ఆ జాతి ఆడది ఈడుకి రావడానికే 150 ఏళ్ళు పడుతుంది మరి.

రెండో కొసన ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో ఒక బుల్లి చేప ఉంది, గోరంత. గుడ్డులోంచి వచ్చి, పెరిగి, గుడ్లు పెట్టి 59 రోజుల్లో వెళ్ళిపోతుంది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత పొట్టి ఆయుష్షు వేరేదానికి కనబడలేదు. మీ స్కూల్లో త్రైమాసిక పరీక్షలకీ అర్ధ సంవత్సర పరీక్షలకీ మధ్య ఒక నిండు జీవితం!

*

ప్రశ్న: అక్కా, మా తాత రోజుల్లో పది పదిహేను కేజీల వంజరాలు మామూలుగా పడేవంట. ఇప్పుడు రెండు మూడు కేజీలది పడితే ఫొటో తీసుకుంటున్నాం. ఒకాయన సముద్రం వేడెక్కడం వల్ల చేప గిడసబారిపోతోందన్నాడు. మా వలల తప్పేమీ లేదన్నమాటేనా?
– బోటు సరంగు, అంతర్వేది పల్లిపాలెం

జవాబు: తమ్ముడూ, మన ఊరివాడివి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వేడి వల్ల చేప చిన్నదవుతుందన్న మాటలో నిజముంది. ఐరోపా ఉత్తర సముద్రంలో నలభై ఏళ్ళలో నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కింది. అక్కడ వేటాడే ఎనిమిది రకాల చేపల రికార్డులు తిరగేస్తే, ఆరు రకాలు అదే కాలంలో చివరి సైజు తగ్గాయని 2014లో తేలింది. 2013లో ఇంకొందరు ప్రపంచమంతటి చేపల మీద లెక్క కట్టి, పొగ ఇలాగే వదులుతూ పోతే 2050 నాటికి చేపల గరిష్ఠ బరువు సగటున 14 నుంచి 24 శాతం తగ్గుతుందన్నారు. ఆ లెక్క వెనక డేనియల్ పాలీ అనే పెద్దాయన వాదన ఉంది. ఒళ్ళు పెరిగినంతగా మొప్పల వైశాల్యం పెరగదు, వెచ్చటి నీళ్ళలో పెద్ద ఒంటికి ఊపిరి చాలదు అంటాడాయన. మొప్పలు అవసరాన్ని బట్టి పెరుగుతాయని వేరేవాళ్ళు గట్టిగా కాదంటారు. నాకు మొప్ప ఒక్కటే కారణం అనిపించదు. త్వరగా ఈడుకి రావడమే పెద్ద కారణమని నా నమ్మకం.

అయితే స్వీడన్‌లో జరిగింది కూడా విను. ఫోర్స్‌మార్క్ అని అక్కడ ఒక అణు విద్యుత్ కేంద్రం ఉంది. దాన్ని చల్లబరిచిన వేడి నీళ్ళు గట్టు కట్టిన సముద్రపు పాయలోకి వదులుతారు. 1980 నుంచి ఆ పాయ చుట్టుపక్కల నీళ్ళకన్నా అయిదు నుంచి పది డిగ్రీలు వెచ్చగా ఉంటోంది. అందులో పెర్చ్ అనే చేపని ఏళ్ళ తరబడి పట్టి కొలిచారు. అందరూ అనుకున్నట్టు అవి గిడసబారలేదు. ఏ వయసులో చూసినా బయటి చేపల కన్నా పెద్దగానే ఉన్నాయి. కానీ తొందరగా చచ్చిపోతున్నాయి. ఆ పాయలో పెద్ద చేపలున్నాయి, ముసలి చేపలు తక్కువ. ఆ కబురు చదివినప్పుడు అమ్మ రెండు కుప్పలే నా కళ్ళముందు కదిలాయి.

ఇక మన వంజరం. అది మహా జోరుగా పెరిగే చేప. రెండేళ్ళ ప్రాయంలో, 70 సెంటీమీటర్లు దాటాక ఈడుకొస్తుంది. అంటే నీ చెయ్యి చాపితే భుజం నుంచి వేళ్ళ చివర దాకా ఎంతో అంత. ఇదే జాతి ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో కూడా ఉంది, అక్కడి నీళ్ళూ వెచ్చనివే. అక్కడ ఇరవై ఏళ్ళు దాటిన వంజరాలు దొరికాయి. వెచ్చటి సముద్రం దాన్ని రెండు మూడేళ్ళకే చంపేసేదైతే ఆ ఇరవై ఏళ్ళవి ఎక్కడి నుంచి వస్తాయి? మన దగ్గర రెండు మూడు కేజీల దగ్గర దాన్ని ఆపుతున్నది వేడి కాదు తమ్ముడూ, మనమే. ఇంకా ఈడుకి రాని పిల్లని చిన్న కన్ను వలలో తీసేస్తున్నాం.

పెద్దవాటిని ఏరి తీసేస్తూ పోతే ఇంకో ముప్పు. 2002లో కానొవర్, మంచ్ అనే ఇద్దరు అమెరికాలో ఓ వెండి రంగు చిన్న చేపని తొట్లలో పెంచారు. కొన్ని తొట్లలో ప్రతి తరంలోనూ పెద్దవాటిని తీసేశారు, ఇంకొన్నిట్లో చిన్నవాటిని. నాలుగు తరాలు తిరిగేసరికి పెద్దవాటిని తీసేసిన తొట్లలో చేపల బరువు రెండో రకం తొట్లలో వాటితో పోలిస్తే సగానికొచ్చింది. నీరు ఒకటే, మేత ఒకటే. పెద్దగా పెరిగే వంశాన్నే మన చేత్తో మనం ఏరేస్తున్నామన్నమాట.

పెద్ద తల్లి చేప ఎందుకు ముఖ్యమో కూడా చెప్పనీ. ముప్పై కేజీల కాడ్ తల్లి ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కేజీలవి 28 కలిసి పెట్టే గుడ్ల కన్నా ఎక్కువ. బరువు లెక్కన చూస్తే ఆ 28 కలిసి 56 కేజీలు. అయినా ముప్పై కేజీల తల్లిదే పైచెయ్యి. పండుగప్పలో ఇది ఇంకా గడ్డు సంగతి. అది మగదిగా ఈడుకొచ్చి, కొన్నేళ్ళు బతికి పెద్దదయ్యాక ఆడది అవుతుంది. అంతదాకా బతకనివ్వకపోతే గుడ్డు పెట్టే తల్లే ఉండదు.

వేడి గురించి నువ్వు నిజంగా భయపడాల్సింది వేరే చోట ఉంది. చల్లటి దేశాల్లో పైన నీరు వేడెక్కితే చేప ఇంకా ఉత్తరానికో, ఇంకా లోతుకో జరుగుతుంది. మన చేపకి ఉత్తరాన బెంగాలు, ఆపైన నేల. లోతుకి దిగుదామంటే బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చిన తేలిక నీళ్ళు పైన మూత వేసినట్టు పరుచుకుని ఉంటాయి, కింది నీళ్ళతో కలవవు. ఓ వంద మీటర్లు దిగితే చల్లగానే ఉంటుంది, ఊపిరికి గాలి ఉండదు. పైన వేడి, కింద ఉక్క. ఆ మధ్యలో ఉన్న కొద్ది మందం నీళ్ళే నీకూ నాకూ వంజరాన్నిచ్చేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మన తీరం మొత్తానికీ ఉంది. పస్తుల రోజులే, నాకు తెలుసు, ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో నేను మర్చిపోలేదు. అయినా నిషేధం ఎత్తేయమని అడక్కు. నిషేధ కాలపు భృతి సమయానికి ఇమ్మని అడుగు, చిన్న కన్ను వలలు అమ్మకుండా చూడమని అడుగు. ఆ ఉత్తరం నువ్వు రాస్తే కింద సంతకం నేనూ పెడతాను.

*

ప్రశ్న: ఫోనుకి వచ్చే వేట సమాచారంలో ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్లలో చేప ఉంటుందని చెబుతారు. ఉపగ్రహానికి నీళ్ళ కింద చేప కనబడుతుందా?
– ఓ పాఠకుడు, ఉప్పాడ

జవాబు: చేప కనబడదండి, నీటి పైభాగం వేడీ రంగూ కనబడతాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఆ రెంటినీ చూసి ఈ సమాచారం ఇస్తుంది. వెచ్చటి నీరూ చల్లటి నీరూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట కింది నుంచి ఎరువు లాంటి పోషకాలు పైకొస్తాయి, నాచు పెరుగుతుంది, దానికోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప చేరతాయి. ఆకుపచ్చ రంగు ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. పాత తరం సరంగులు నీళ్ళ రంగు మారిన గీత మీదే వల వేసేవారు. మా మేనమామ చెయ్యి నీళ్ళలో ముంచి చూసి బోటు తిప్పించేవాడు.

*

ప్రశ్న: అమ్మా, సముద్రంలో విలస ఏట్లోకొచ్చి పులస అయ్యాక అంత రుచి ఎలా వస్తుంది? వరద నీళ్ళ చల్లదనం వల్లనా?
– ఓ గృహిణి, కొవ్వూరు

జవాబు: చల్లదనానికి ఇందులో పెద్ద పాత్ర లేదమ్మా. గోదావరి వరద ఎర్రనీళ్ళు సముద్రంలో కలిశాక, ఆ మంచినీటి జాడ పట్టుకుని గుడ్లు పెట్టడానికి అది ఏటికి ఎదురెక్కుతుంది. ఆ ప్రయాణంలో మేత దాదాపు మానేస్తుంది. సముద్రంలో దాచుకున్న కొవ్వు మీదే ఈదుతుంది. కొవ్వు కరిగే కొద్దీ కండ మారుతుంది, రుచీ మారుతుంది. యానాం దగ్గర పట్టిందానికీ ధవళేశ్వరం దాకా ఈదిందానికీ తేడా మీ నాలిక చెబుతుంది.

ఇదీ వెచ్చటి నీళ్ళ బిడ్డే కాబట్టి ఏడాది రెండేళ్ళకే ఈడుకొస్తుంది, కనుక మీ పులుసులో ఉన్న చేప వయసు బహుశా మూడు దాటి ఉండదు. ఆడది మగదాని కన్నా పెద్దదవుతుంది. జన ఉన్న పెద్ద పులస కొన్నప్పుడు దాని చెవిరాళ్ళు పారెయ్యకుండా కడిగి, ఆరబెట్టి, తేదీ, పట్టిన రేవు పేరు రాసి ఓ అగ్గిపెట్టెలో ఉంచండి. అమలాపురం అమ్మాయికి ఇద్దాం.